మూడో భాగం

నారిన్, మార్చి 4

సగిన్‌బెక్,

ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

కిందటేడు నువ్వొచ్చి మీ అక్క జూరా కంప్యూటర్లో డిస్కును మూడు భాగాలు చేశావు. ఒకటి విండోస్‌కి, ఒకటి నువ్వు నేర్పుతానన్న లినక్స్‌కి, అన్నిటికన్నా పెద్దది తన సొంతానికి. "బావా, ఈ మూడోదాని జోలికి మాత్రం పోకు" అన్నావు. "ఈయనకు టీవీ పెట్టడమే రాదు, దీని జోలికేం పోతాడ్రా!" అని తను నవ్వింది. చనిపోయేముందు మంచం మీద నుంచే మా పాప బెగాయిమ్ కోసం తన గొంతుతో చెప్పి, రికార్డు చేసి దాచిన నలభై కథలూ అందులోనే ఉన్నాయి.

పోయిన ఆదివారం విండోస్ తెరుచుకోలేదు. మళ్లీ ఎక్కిద్దామని కూర్చున్నాను. ఏ భాగంలో అని అడిగింది. పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. పెద్దదాంట్లో అయితే చోటు సరిపోతుందని అదే నొక్కాను. అందులో ఉన్నవన్నీ చెరిగిపోయాయి.

బజారులో రిపేరు చేసే ఆయన రెండు రోజులు తంటాలు పడ్డాడు. "ఒక్కటే దొరికిందన్నా, అదీ సగమే" అన్నాడు. తప్పిపోయిన గుర్రప్పిల్ల దగ్గరికి తోడేలు వస్తుంది. అక్కడితో జూరా గొంతు ఆగిపోతుంది.

బెగాయిమ్‌కి వినిపించాను. గొంతు ఆగిపోగానే, "అమ్మ అలిసిపోయింది నాన్నా, కాసేపాగి చెబుతుంది" అని పాప కంప్యూటర్ ముందే కూర్చుంది.

మీ అమ్మను అడిగే ధైర్యం నాకు లేదు. నువ్వూ ఆ కథ వింటూనే పెరిగావు కదా, తోడేలు వచ్చాక ఏమవుతుందో వెంటనే రాయి. పాప ఇంకా అక్కడే కూర్చునుంది.

మీ బావ