అద్దాల గదిలోకి సుజాతక్క

వదినకు,

రేణుక నమస్కారాలు. నువ్వు, అన్నయ్య, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? దవాఖానకు వెళ్లమంటే రేపు రేపంటావు, నాకు తెలుసు. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం, నోరు తెరిస్తే నా గోడు దిల్‌సుఖ్‌నగర్ అంతా వింటుంది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. హాస్టల్ పప్పులో పప్పు తప్ప అన్నీ ఉంటాయి. తింటున్నానులే, దిగులు పడకు. కోచింగ్ సెంటర్‌లో నన్ను టీమ్ లీడర్‌ని చేశారని సంబరపడ్డావు కదా, పేరు గొప్ప ఊరు దిబ్బ. పిల్లల్ని చేర్పించమని తల్లిదండ్రులకు ఫోన్లు చేసే ఆరుగురికి నేను పెద్దను. వారం వారం ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాలని కొత్తగా రూలు పెట్టారు. మాట్లాడడం కూడా ఒక పనేనా అనుకున్నాను. ఒళ్లు హూనమవుతోంది వదినా.

మా ఆఫీసులో ఒక్కరినే అద్దాల గదిలోకి పిలిచారంటే ఉద్యోగం ఊడినట్టే లెక్క. అది తెలిసీ నేను అక్కడికే పిలిచాను. సుజాతక్క అని మీర్‌పేట్ నుంచి వస్తుంది, నాకంటే పెద్దది. ఆమె చేర్పించే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. నెలాఖరుకు తీసేద్దామని మా సెంటర్ నడిపే సార్ నాతో అనేశారు. పిలవగానే ఆమె సంచి సర్దుకుని, టిఫిన్ డబ్బా కూడా పట్టుకుని లోపలికి వచ్చింది. నేనేమో కంప్యూటర్ చూస్తూ ఎందుకు తగ్గింది, ఎప్పుడు పెంచుతావు అని అడిగాను. పెంచుతానంది. బయటి వాళ్లంతా అద్దంలోంచి మమ్మల్నే చూస్తున్నారు. మరుసటి వారమూ అదే మాట.

మొన్న విసుగొచ్చి ఆ గది వదిలేసి, సందు చివర టీ బండి దగ్గరికి తీసుకెళ్లాను. లెక్కలు అడగలేదు. తిన్నావా అని అడిగి ఊరుకున్నాను. ఇంకా మాట్లాడే ఓపిక కూడా నాకు లేదు, అదే మంచిదైంది. టీ తాగడం అయ్యాక తనే చెప్పింది.

"ఫోన్ల మాటలు సాఫ్ ఇనిపిస్తలేవు మేడం. మనిషి ఎదురుగ ఉంటె మంచిగనే సమజైతది. చెప్తె తీసేస్తరని భయపడ్డ."

నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం సార్‌ని పది నిమిషాల టైమ్ అడిగాను. ఈసారి అద్దాల గదిలో నేను. "చెప్పండి, వింటున్నాను" అంటూ ఆయన ఫోన్ చూసుకుంటున్నారు.

"సార్, జర ఫోన్ పక్కకు పెట్టండి" అన్నాను. ఎక్కడి ధైర్యమో నాకే తెలియదు. పెట్టారు. తల్లిదండ్రులు స్వయంగా వచ్చి వివరాలు అడిగే కౌంటర్ దగ్గర సుజాతక్కను కూర్చోబెడదామన్నాను. ఒక నెల చూద్దామన్నారు. అంతకు మించి మాటివ్వలేదు.

మన ఊరి వాళ్లెవరైనా ఎల్బీ నగర్ వస్తుంటే కాస్త కారప్పొడి పంపు. నిన్ను శ్రమ పెడుతున్నానేమో, వీలైతేనే.

కౌంటర్ సంగతి చెబితే సుజాతక్క సంతోషిస్తుందనుకున్నాను. సంతోషించింది కూడా. కానీ ఆ వెంటనే, "ఇగ నేను మీ టీమ్ల ఉండ గద మేడం. మరి నన్నెవరు పిలుస్తరు?" అంది.

వారం వారం ఆ టీ బండి దగ్గరికి నేనే పిలుస్తానన్నాను.

ఇంట్లో పెద్దవాళ్లందరికీ నా దండాలు. ఈ అలసట తట్టుకునే బలం ఉండాలని నువ్వూ అన్నయ్యా నన్ను దీవించండి.

నీ ఆడబిడ్డ,
రేణుక