ఏలూరు సత్రము ముందర

ఏలూరు, 12 జూలై 1894

నాన్నగారికి నమస్కారములు. అమ్మ ప్రాణమునకు భయము లేదు. కాని కంటి శస్త్రచికిత్స ఈసారి జరగదు.

సోమవారము పడవ దిగగానే కాలువగట్టు మీది సత్రములో గది అడిగితిని. "కులం అడిగితే మీరు మాటాడకండి బాబూ, నేను చూసుకుంటాను" అని పడవ సరంగు అప్పారావుగారు ముందే చెప్పిరి. నేను వినలేదు. క్రైస్తవులమని చెప్పితిని. సత్రపు గుమాస్తా గది లేదనగా, "బాటసారులందరికిని" అని గోడమీద చెక్కియున్న మాటలే చదివి వినిపించి, గంటసేపు వాదించితిని. కళాశాల సభలో కూడ అంత బాగుగా మాటాడి యెరుగను. మూగినవారందరు మెచ్చుకొనిరి. చివరకు గుమాస్తా, "మీరన్నదే న్యాయమండి. తాళం మాత్రం తియ్యలేనండి" అనెను.

అంతసేపును అమ్మ వానలో నిలిచియుండెను. ప్రక్కనే పాక ఉన్నదని చూపులేని ఆమెకు తెలియదు, నేను చూడలేదు. తెల్లవారుసరికి జ్వరము వచ్చినది. జ్వరములో కన్ను ముట్టనని డాక్టరు దొరసానిగారు చెప్పి, మరల క్రిస్మసు తరువాత రమ్మనిరి. సరంగుగారు తన పడవలోనే మాకు చోటిచ్చిరి.

శనివారము మధ్యాహ్నమునకు మన ఊరి కాలువ లాకు దగ్గరకు గూడుబండి పంపవలెను, అమ్మ నడవలేదు. అందులో గొంగళి వేయించుడు. గేదె ఈనినదా? చెల్లెలు దీనమ్మ బడి మానలేదు గదా?

ప్రభువు మిమ్మును కాపాడునుగాక. దీనమ్మకు అమ్మ దీవెనలు. వాదములో నేనే నెగ్గితినని మీకు తప్పక వ్రాయమని అమ్మ చెప్పినది. వ్రాసితిని.

మీ కుమారుడు,
మార్కు