సూర్యుణ్ణి ఎవరు తిరగేస్తారు

నాయనమ్మా,

మిరపకాయలు ఎండబోసిన కల్లంలో నువ్వోసారి అడిగావు: "కాయల్ని మనం తిరగేస్తాం. మరి ఆ సూర్యుణ్ణి ఎవరు తిరగేస్తారే?" తనే తిరుగుతాడన్నాను. "నువ్వు చూశావా?" అన్నావు.

ఇవాళ చూశాను. గుంటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీ మేడ మీద, పిల్లలతో కలిసి సూర్యుడి వెలుగును రంగులుగా విడదీశాం. ఆ రంగుల మధ్య సన్నటి నల్లగీతలుంటాయి. సూర్యుడి తూర్పు అంచున అవి రవ్వంత నీలం వైపు జరిగాయి, అంటే ఆ అంచు మన వైపు వస్తోంది. పడమటి అంచున ఎరుపు వైపు జరిగాయి, అంటే అది మన నుంచి దూరంగా పోతోంది. ఎంత జరిగాయో కొలిస్తే వేగం తెలిసింది. ఒక్క చుట్టుకు దాదాపు నెల.

"నెలకోసారా! మన కాయలైతే ఒక పక్కే తెల్లబడి తాలైపోవూ?" అని, ఇది వింటే తిట్టేదానివి ఆయన్ని.

సాయంత్రం ఊరొచ్చాను. నువ్వు పోయాక ఇదే మొదటి పంట. కల్లంలో నువ్వు తూర్పు అంచు నుంచి, నేను పడమటి అంచు నుంచి కాయలు తిరగేస్తూ మధ్యలో కలుసుకునేవాళ్లం కదా. ఇవాళ కూడా పడమటి అంచునే మొదలుపెట్టాను. మధ్యకు వచ్చాక కాసేపు నిలబడ్డాను. తర్వాత తూర్పు అంచుదాకా నేనే తిరగేశాను.