నీలం చొక్కాల మూట

ప్రియమైన గరిటెగారికి,

పక్క జిల్లాలో చమురు పడిందేమో గానీ, మన ఊళ్లో కుళాయి బాగుచేసే నాథుడు లేడు. నేనే బాగుచేశాను, ఇప్పుడు ఇంకాస్త బాగా కారుతోంది. మంగలి కూడా మీ వైపే వచ్చేశాడు. హెడ్మాస్టరుగారు ఎలుగుబంటిలా తిరుగుతున్నారు.

చమురు పనివాళ్లు ఇక్కడ గదులు తీసుకుంటున్నారని ఇంటావిడ మళ్లీ అద్దె పెంచింది. నాకూ చేతినిండా పనే లెండి. మీ కాంట్రాక్టరు వారం వారం చిరిగిన చొక్కాలు మూటలుగా పంపిస్తున్నాడు. మిషను మీద నీలం తప్ప వేరే రంగు చూసి ఎన్నాళ్లయిందో!

అద్దె కోసం అక్కడ వంటపనికి వెళ్లారు, సరే. వంటింటి గడప దాటి ఆ చమురు బావుల వైపు పోనని మాటిచ్చారు. మర్చిపోకండి.

మీ సూదిపిల్ల

~

ప్రియమైన సూదిపిల్లా,

గడప దాటే తీరిక ఉంటేగా! ఒక బంతి లేచేసరికి ఇంకో బంతి కూర్చుంటుంది. నిన్న నా వంట తిని, నా గదిలో ఉండే వెల్డరు వాళ్లమ్మని తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పాపం, ఆవిడ పోయింది, వాడికి ఇంకెవరూ లేరు. పైగా ఉల్లిపాయల ఘాటని బుకాయిస్తాడు.

బావుల మీద పనిచేస్తే జీతం రెండింతలట. ఊరికే చెబుతున్నాలే, కంగారుపడకు.

నీ గరిటె

~

ఏమండీ,

ఇవాళ మూటలో మీ చొక్కా వచ్చింది. గిన్నెలెత్తి చంకల్లో చింపుకుంటారని, మీరు సెలవుకొచ్చినప్పుడు ఎర్రదారంతో రెండు వరసలు కుట్టింది నేనే. నా కుట్టు నాకు తెలియదా? చొక్కా కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయి ఉంది. గుడ్డంతా నల్లటి జిడ్డు. వంటింట్లో అలాంటి జిడ్డు ఉండదు.

నాతో అబద్ధమాడారు. కోపం తర్వాత పడతాను. ఎలా ఉన్నారు? ఎవరిచేతనైనా రెండు ముక్కలు రాయించండి. నాకు చాలా భయంగా ఉంది.

మీ భార్య

~

ప్రియమైన సూదిపిల్లా,

ఇది నా కుడిచేతి రాతే, బాగా చూసుకో. నాకేమీ కాలేదు. చొక్కా మాత్రం నాదే.

మనుషులు చాలక వంటవాళ్లనీ బావుల మీదికి పంపుతున్నారు. వెల్డరుకి సాయంగా వెళ్తానని నేనే ఒప్పుకున్నాను. ఏడాది కష్టపడితే మన అద్దె ఇల్లు మనమే కొనుక్కోవచ్చని ఆశ. నీకు తర్వాత చెబుదామనుకున్నా. మొదటిరోజు నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కుని బయల్దేరాను కూడా. గాలి ఎక్కువగా ఉంది, కొత్తవాడివి, రేపు రా అని వెల్డరు నన్ను ఆపేశాడు. తన చొక్కా తడిగా ఉందని నాది విప్పించుకుని తొడుక్కెళ్లాడు. గంట తిరక్కుండా మంట ఎగసింది.

ఆసుపత్రిలో వాడి పక్కనే ఉన్నాను, అందుకే ఉత్తరం ఆలస్యమైంది. ప్రాణానికి భయం లేదన్నారు. వాడి కుడిచేతి వేళ్లు ఇంకా ముడుచుకోవడం లేదు. అన్నం నేనే కలిపి పెడుతున్నా.

ఇక్కడ పని మానేశాను. మన ఊళ్లో గదులు తీసుకున్న వాళ్లంతా ఎక్కడో అక్కడ తినాలిగా, గరిటె అక్కడే తిప్పుతాను. శనివారం బస్సుకి ఇద్దరం వస్తున్నాం. నిన్ను అడక్కుండానే వాణ్ణి రమ్మన్నాను. నన్ను తిట్టాలనుకుంటే వాడు నిద్రపోయాక తిట్టు. వాడి చెయ్యి చూసి మాత్రం ఏడవకు. మనం ఏడిస్తే పిచ్చివాడు మనల్నే ఓదారుస్తాడు.

నీ గరిటె