రెండున్నర అంగుళాలు తక్కువ

తమ్ముడికి,

నీ అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమంగా ఉన్నాం. ప్రతిసారీ ఈ మాట అలవాటుకొద్దీ రాసేసేదాన్ని, ఈసారి బాగా ఆలోచించే రాస్తున్నాను. నువ్వు కూడా ఆ ఓడ ఇంజన్ గదిలో ఒళ్ళు కాల్చుకోకుండా, వేళకింత తింటూ ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. ఓడ వచ్చే నెల పన్నెండున రేవు చేరుతుందనీ, చేరగానే రాజీనామా కాగితం ఇచ్చేస్తాననీ, చీఫ్ ఇంజనీరు పరీక్ష సంగతి ఇక మర్చిపోయాననీ రాశావు. నువ్వు రమ్మంటే రాకుండా ఉంటానా అక్కా, అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

షాపు బాగానే నడుస్తోంది. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాలు గుట్టలుగా పడి ఉన్నాయి. కొత్త ఇస్త్రీపెట్టె కొన్నాం, మీ బావ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. మెట్ల పక్క కిటికీకి అద్దం మార్పించాం, ఇప్పుడు కటింగ్ బల్ల మీదికి పొద్దున్నే వెలుతురు పడుతోంది. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది. నోరు మాత్రం ఎప్పటిలాగే, రోజుకి నాలుగు మాటలకి మించి ఖర్చు చెయ్యడు.

నేను కస్టమర్లతో గొడవపడుతున్నానని ఆయన నీకు రాశాడట. నాలుగు మాటల మనిషి నా మీద చాడీలు చెప్పడానికి మాత్రం పేజీ నింపాడన్నమాట. నిజమే, గొడవపడ్డాను.

నాన్న మనకి నేర్పిన పద్ధతి నీకు తెలుసు. మనిషి కొలత టేపుతో ఒక్కసారి చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాత గుడ్డ మీద టేపు గానీ స్కేలు గానీ పెట్టకుండా, చేతి అలవాటు మీదే సుద్దగీత గియ్యాలి. ముప్పై ఎనిమిదేళ్ళు అలాగే గీశాను, అలాగే కోశాను. స్కేలు పెట్టి గీసే దర్జీలంటే నాకెంత చిన్నచూపో కూడా నీకు తెలుసు.

పోయినేడాది చివర్లో బ్యాండు మాస్టరుగారికి కోటు కుట్టాను. గుండీలు కలవలేదు. మీరు ఒళ్ళు చేశారండీ అన్నాను. పాపం ఆ పెద్దమనిషి నా మాట నమ్మి నెల రోజులు కడుపు మాడ్చుకున్నాడు. మళ్ళీ కొలత తీసి రెండో కోటు కుట్టాను. చిక్కి సగమైన మనిషికి అదీ పట్టలేదు. ఆ తర్వాత బడి పెద్ద టీచరమ్మ వంతు. కోటు చేతులు పొట్టిగా వచ్చాయి. ఈ వయసులో మనిషికి చేతులు పెరుగుతాయా అని ఆవిడ నన్నడిగింది. పెరగకపోతే నా కోత ఎందుకు తప్పుతుందని నేను ఆవిడనే అడిగాను. ఇరవై ఏళ్ళుగా వస్తున్న కస్టమరు, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మీ బావ వారం రోజుల పాటు, నేను భోజనానికి లేచినప్పుడల్లా నా సుద్దగీతల మీద టేపు పరిచి చూసుకున్నాడట. ఎనిమిదో రోజు నన్ను పిలిచి గీత మీద టేపు పట్టి చూపించాడు. ముప్పై అంగుళాలు ఉండాల్సింది ఇరవై ఏడున్నర ఉంది. మిగతా గీతలూ అలాగే కురచగా ఉన్నాయి. నా కంటికి మాత్రం అవి నిండుగానే కనిపించాయిరా. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. అక్షరాలు చీమల్లా ఉన్నాయేంటి, కాగితం మిగుల్చుకుంటున్నావా అని వెక్కిరించావు. నేను పెద్దగానే రాస్తున్నాననుకుంటాను, చెయ్యి చిన్నగా రాస్తుంది. పెద్ద అడుగే వేస్తున్నాననుకుంటాను, కాలు జానెడే కదులుతుంది. అందుకే ఇప్పుడు గీతల కాగితం తెప్పించి, రెండు గీతల జాగాలో ఒక వరుస రాస్తున్నాను. కవరు ఇంత లావైంది అందుకే.

ఇక దాచింది చెప్పేస్తాను. నాకు పార్కిన్సన్స్ జబ్బు. ఈ కోట్ల గొడవకి ముందే డాక్టరమ్మ తేల్చి చెప్పింది, ఎనిమిది నెలలైంది. గీతలూ అక్షరాలూ అడుగులూ కురచవడం దానివల్లేనని తర్వాత తెలిసింది. కుడిచెయ్యి కాస్త వణుకుతుంది కూడా. నీకు చెప్పొద్దని మీ బావ చేత ఒట్టు వేయించుకున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే, ఏమీ లేదులేరా అనేస్తానని నాకు తెలుసు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. జబ్బు పేరు వినగానే మనకి గుండీలు అమ్మే కొట్టు తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనకీ ఇదే. మంచంలో ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరు సాయం పట్టాల్సి వచ్చేది, అలాగే పోయాడు. నాకూ రెండేళ్ళు, మహా అయితే మూడు అని నేనే తేల్చేసుకున్నాను. డాక్టరమ్మ చెప్పింది ఒక్కటీ చెవిన వేసుకోలేదు. కొన్ని నెలలు నాలో నేనే కుమిలి, చివరికి నీకు ఆ ఉత్తరం రాశాను, షాపులో పని ఎక్కువైంది, అన్నీ వదిలేసి వచ్చెయ్యమని. పని ఎక్కువై కాదు. నేను పోయేలోపు నాన్న షాపు నీ చేతిలో పెట్టాలని. రెండుసార్లు తప్పిన పరీక్షకి నువ్వెంత కష్టపడి చదువుతున్నావో తెలిసి కూడా రాశాను. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే కాబట్టి కాదనవని కూడా తెలుసు. భయంలో అంత స్వార్థం ఉంటుందని అనుకోలేదురా.

నీ జవాబు వచ్చాక మీ బావ దాన్ని రెండుసార్లు చదివి కటింగ్ బల్ల మీద పెట్టాడు.

"వాడి బతుకు కూడా కంటి అంచనా మీదే కోసేస్తున్నావు," అన్నాడు. "ఒక్కసారి టేపు పెట్టి చూడు."

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, నాకెన్నేళ్ళుందో చెప్పమన్నాను. నేను దర్జీని, కొలత తెలియకుండా ఇక దేనికీ కత్తెర పెట్టను అన్నాను. ఆవిడ నవ్వింది గానీ అంకె చెప్పలేదు. నా వయసులో ఇది మొదలైనవాళ్ళలో చాలామంది, వైద్యం సరిగా అందితే, మిగతావాళ్ళు బతికినంత కాలానికి దగ్గరగానే బతుకుతారంది. కొందరికి కొంత తగ్గుతుందనీ, ఎవరికెంతో ముందే చెప్పలేమనీ కూడా అంది. పడిపోకుండా చూసుకోవాలి, మింగేటప్పుడు తొందరపడకూడదు, మందు వేళ తప్పకూడదు, ఒంటిని కదుపుతూ ఉండాలి. తాతయ్య సంగతి చెబితే, ఆయనకి జబ్బు ఎప్పుడు మొదలైందో కనుక్కోమంది. కొట్టుకి వెళ్ళి ఆయన కోడలిని అడిగాను. జబ్బు మొదలయ్యాక పంతొమ్మిదేళ్ళు ఉన్నాడట. జబ్బుతోనే గుండీలు అమ్ముకుంటూ ఎనభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఉన్నాడు ఆ మహానుభావుడు. నేను ఆయన చివరి ఏడాది ఒక్కటీ చూసి, మొత్తం అంతే అనుకున్నాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అన్నీ పెద్దగా చెయ్యమంటుంది. పెద్ద అడుగు, చేతులు పెద్దగా ఊపడం, పెద్ద గొంతు. పెద్ద గొంతు ఈవిడకి నేర్పాలా అని మీ బావ గొణిగాడు. లోపలి గది గుమ్మం దగ్గర నా కాళ్ళు నేలకి అతుక్కుపోతుంటాయి. ఆయన నా సుద్ద తీసుకుని అక్కడ నేల మీద అడ్డగీతలు గీశాడు, స్కేలు పెట్టి మరీ. ఒక్కో గీతా దాటుతుంటే కాలు దానంతటదే లేస్తుంది. ఊడ్చినప్పుడల్లా చెరిగిపోతాయి, మళ్ళీ గీస్తాడు. కొన్ని రోజులు బాగుండవు. నా గుండీలు నేను పెట్టుకోవడానికే పావుగంట పడుతుంది, ఏడుపొస్తుంది. ఏడ్చేసి బల్ల దగ్గరికి వెళ్తాను. గీత నాది, స్కేలు పెట్టే గీస్తున్నాను. కత్తెర ఆయనది. మొదట్లో సిగ్గుపడ్డాను, ఇప్పుడు లేదు. బ్యాండు మాస్టరుగారికి మూడో కోటు ఊరికే కుట్టిచ్చి క్షమించమన్నాను. అతికినట్టు సరిపోయింది. టీచరమ్మ ఇంకా రాలేదు, వచ్చే వారం ఆవిడ ఇంటికి నేనే వెళ్తాను.

కాబట్టి తమ్ముడూ, ఆ రాజీనామా ఇవ్వకు. ఈ ఉత్తరం అందేసరికే ఇచ్చేసి ఉంటే, కాళ్ళావేళ్ళా పడైనా వెనక్కి తీసుకో. పరీక్షకి కూర్చో. తప్పితే మళ్ళీ కూర్చో. తర్వాత సెలవు పెట్టి పది రోజులు రా. నన్ను చూడ్డానికి రా, సాగనంపడానికి కాదు.

ఎప్పటికో ఒకప్పుడు నన్ను చూసుకోవడం మీ బావ ఒక్కడివల్ల కాకపోవచ్చు. అప్పుడు షాపు మీదా పని మీదా సాకులు పెట్టను. నాకు నువ్వు కావాలిరా అని ఉన్నదున్నట్టు రాస్తాను, వచ్చెయ్యి. ఆ రోజు ఇది కాదు.

ఇట్లు,
ఇంకా చాలా ఏళ్ళు నిన్ను తిట్టబోయే
నీ అక్క