తిన్నె మీది పిలకాయలను లేవమన్న నోటీసు గురించి

గొడుగుపాళ్యం,
చిత్తూరు జిల్లా,
4 అక్టోబరు 1943.

గొడుగుపాళ్యం పంచాయతీ బోర్డు ఎగ్జిక్యూటివు ఆఫీసరు గారి సముఖమునకు,
తేరు వీధిలో కాపురముండు పత్రికా విలేకరి దొరస్వామి వ్రాసి పంపుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కలరా కారణంగా మూసిన కూలివాడ బడిని, పగటిపూట ఇంట్లో పెద్దదిక్కు లేని పిల్లల కోసం తెరవవలెనని, అంతవరకు మా ఇంటి తిన్నె మీద కూర్చున్న పిల్లలను ఖాళీ చేయించమని నాకిచ్చిన నోటీసును రద్దు చేయవలెనని.

నోటీసు శనివారం పొద్దున నాకు ముట్టింది. చదువుకుని, మా అమ్మ అలివేలమ్మకు కూడా చదివి వినిపించాను. ఆమె మొత్తం విని, "బాగుండాది గానీ, ఈ తిన్నె ఎవురిదని రాసినారు?" అని అడిగింది.

"నాదని రాసినారు."

"అయితే తప్పు రాసినారు" అని లోపలికి వెళ్లిపోయింది.

సదరు నోటీసులో ఉన్న తక్కిన తప్పులను కూడా తమ దృష్టికి తెచ్చుటకే ఈ అర్జీ.

1. నేను "అనుమతి లేని పాఠశాల నడుపుచున్నట్లు" నోటీసులో ఉంది. నేను ఏ పాఠశాలా నడపడం లేదు. మదరాసు పత్రిక ఒకదానికి ఈ తాలూకా వార్తలు పంపడం నా పని. మా తిన్నె మీద పాఠం చెబుతున్నది కూలివాడ బడి అయివారు రాజారత్నం గారు. తాను కూడా పాఠశాల నడపడం లేదని ఆయన అంటున్నారు. "పిలకాయలు కూసున్నారు. నేనూ కూసున్నాను. ఊరికే కూసునేది ఎందుకని ఎక్కాలు చెప్పిస్తా ఉండాను" అన్నది ఆయన వాంగ్మూలం.

2. కలరా వచ్చినందున ఊళ్లో బళ్లన్నీ మూయమని తమరు ఉత్తరువు ఇచ్చారు. ఇంట్లో అవ్వో, అమ్మో ఉన్న పిల్లలకు అది మంచి ఉత్తరువే. తేరు వీధి పిల్లలు ఇళ్లల్లోనే ఉంటున్నారు. వాళ్ల తల్లులు బడి ఎప్పుడు తెరుస్తారని రోజూ నన్ను అడుగుతున్నారు గానీ, అది వేరే సంగతి.

కూలివాడలో పరిస్థితి ఇట్లా కాదు. అక్కడి ఆడవాళ్లు తెల్లవారి నూనెమిల్లు కూతకు చెనక్కాయలు ఒలవడానికి పోతే, దీపాలు పెట్టే వేళకు తిరిగివస్తారు. మగవాళ్లలో సగం మంది యుద్ధం పనులకని ఊరు విడిచారు. పోతూ పోతూ తల్లి గుడిసె తడికకు తాళం వేస్తుంది, ఉన్న నాలుగు గింజలూ ఎవరైనా ఎత్తుకుపోతారని. మిల్లు నూనె యుద్ధానికి పోతుంది గనుక మిల్లు మూయరాదన్నారు. సరే. గుడిసెకు తాళం, బడికి తాళం పడ్డాక, ఏడెనిమిదేళ్ల పిల్ల పగలంతా ఎక్కడ ఉండాలో ఉత్తరువులో రాయలేదు. నేను రెండుసార్లు చదివాను.

3. సదరు బడిని ఊళ్లో పుల్లలబడి అంటారు. అక్కడి పద్ధతి వల్ల ఆ పేరు వచ్చింది. ప్రతి పిల్లా పొద్దున వస్తూ ఒక కట్టెపుల్ల తేవాలి. ఆ పుల్లలతో అయివారు ముందు అండా నిండా నీళ్లు కాస్తారు, తర్వాత అంబలి కాస్తారు. కాచిన నీళ్లు తప్ప వేరే నీళ్లు ఆ బడిలో దొరకవు. అంటే ఈ ఊళ్లో బావిలో కలిపే మందు వాసన లేకుండా, పురుగు భయం లేకుండా నీళ్లు దొరికే చోటు కలరా రాకముందు నుంచే ఒకటి ఉంది. కలరా రాగానే దాన్ని మూశాము.

బడి మూసిన మరుసటి రోజు కూడా పిల్లలు అలవాటు కొద్దీ పుల్లలు పట్టుకుని వచ్చారు. తాళం చూశారు. కాసేపు నిలబడి, పుల్లలు అక్కడే పడేసి, మిల్లు వెనక కాలువకు ఆడుకోవడానికి పోయారు. ఎండకు దాహమైంది. ఆ నీళ్లే తాగారు.

ఆ వారంలో నలుగురు పిల్లలను కలరా షెడ్డుకు మోశారు. దేవుడి దయ వల్ల, డాక్టరు గారు ఎక్కించిన ఉప్పునీళ్ల వల్ల, నలుగురూ బతికారు. వాళ్లలో మిల్లు కూలి కుప్పమ్మ కూతురు సెంగమ్మ ఒకతె. డాక్టరు గారు ఆ పిల్లను ప్రశ్నిస్తున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"నీళ్లు యాడ తాగినావు?"

"కాలవలో."

"కాలవలో ఎందుకు తాగినావు?"

"బడి ల్యా."

డాక్టరు గారు అదే రిజిస్టరులో రాసుకున్నారు.

కుప్పమ్మకు భర్త లేడు. పనికి పోకపోతే పొయ్యి వెలగదు. ఆమె నాతో అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "బడి ఉన్నన్నాళ్లు నా బిడ్డ యాడుండాదో నాకు తెలస్తా ఉండె. ఇప్పుడు చేతులు ఈడ కాయలు ఒలస్తా ఉంటాయి, పానం కాలవ కాడ ఉంటాది. గేటు కాడ ఎవురన్నా పేరు పిలిస్తే సాలు, నాకే చెప్పేదానికి వచ్చినారేమో అనుకుంటా."

4. ఇక మా తిన్నె సంగతి. పెరటాసి నెలలో, అంటే ఈ రోజుల్లో, వేలూరు, గుడియాత్తం వైపు నుంచి, చిత్తూరు నుంచి నడిచి తిరుపతి కొండకు పోయే యాత్రికులు మా వీధి గుండానే పోతారు. వాళ్లు నడుము వాల్చడానికని మా తాత ఈ తిన్నె కట్టించాడు. కూర్చున్నవాళ్లను లేవమనకూడదన్నది ఆనాటి నుంచి ఇంటి కట్టుబాటు. ఇంటి సామాను జప్తు చేయడానికి వచ్చిన కోర్టు అమీనా కూడా ముందు ఈ తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగాడనీ, ఆయన తనంతట తాను లేచేదాకా జప్తు మొదలు కాలేదనీ మా అమ్మ చెబుతుంది.

సెంగమ్మ షెడ్డు నుంచి వచ్చిన మర్నాడు వాన పట్టుకుంది. కూలివాడ పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి మా తిన్నె ఎక్కారు. వాన వెలిసింది. పిల్లలు లేవలేదు. మా అమ్మ లేవమనలేదు. మరుసటి రోజు తలా ఒక పుల్ల పట్టుకుని వచ్చారు.

"ఇవేందిరా?" అంది అమ్మ.

"నీళ్లు కాసేదానికి, అవ్వా."

అమ్మ వడ్లు ఉడకబెట్టే పెద్ద అండా బయటికి తీయించింది. అయివారు తమ చెక్కపలక తెచ్చుకున్నారు. జరిగింది ఇంతే. దీన్ని కుట్ర అనడానికి నాకు ఆధారాలు దొరకలేదు.

కూలివాడ పిల్లలు తేరు వీధి తిన్నె ఎక్కడమేమిటని వీధిలో ఒకరిద్దరు ముఖం చిట్లించిన మాట నిజం. పెరటాసిలో తిన్నె ఎక్కినవాళ్లను కులమడిగే వాడుక తన అత్తగారి కాలంలోనే లేదని అమ్మ వాళ్లకు చెప్పింది. తమ ఆఫీసుకు ఫిర్యాదు ఎవరు చేశారో నేను అడగను.

5. తమరు ఇచ్చిన కలరా ఉత్తరువులోని ఆరవ నిబంధన ఇట్లా ఉంది: "సూది వేయించుకొన్న చీటీ గల యాత్రికులు వీధి తిన్నెలపై విశ్రమించుటకు అభ్యంతరము లేదు." పిల్లలందరికీ సూదులు పడ్డాయి, చీటీలున్నాయి. బడి మూయకముందే అయివారు అందరినీ వరుసగా నిలబెట్టి వేయించారు. ఇక లోటు యాత్ర ఒకటే. ఆ లోటును పిల్లలు తమ సొంత ఆలోచనతో పూరించుకున్నారు.

గురువారం శానిటరీ ఇనస్పెక్టరు సంపత్కుమారాచార్యులు గారు వీధి మలుపు తిరిగేసరికి తిన్నె మీద ముప్పై ఒక్క గొంతులు ఒక్కసారిగా "గోవిందా గోవింద" అన్నాయి. ఆచార్యులు గారు పరమ నిష్ఠాపరులు. రెండు చేతులూ జోడించి తామూ గోవింద కొట్టారు. తర్వాత గానీ వచ్చిన పని గుర్తు రాలేదు. క్రైస్తవులైన అయివారు ఆ కాసేపూ కింద పడిన సుద్దముక్క వెదుక్కున్నారు.

"ఎవరర్రా మీరు?" అన్నారు ఇనస్పెక్టరు గారు.

"యాత్రికులం సామీ."

"ఏ క్షేత్రానికి?"

"కొండకి."

"ఎప్పుడు బయలుదేరుతారు?"

ఈ ప్రశ్న వస్తుందని పిల్లలు అనుకోలేదు. చివరికి సెంగమ్మ చెప్పింది: "పెద్దయినాక."

ఇనస్పెక్టరు గారు నా వైపు తిరిగి, "ఇది మీరు నేర్పారా?" అన్నారు. నేను నేర్పలేదు. అయివారూ నేర్పలేదు. మా అమ్మను అడుగుదామంటే, ఆమె ఆ సమయంలో పెరట్లో చాలా పని మీద ఉంది.

ఆచార్యులు గారి మీద నాకు ఫిర్యాదు లేదని ఇక్కడే మనవి చేస్తున్నాను. మండుటెండలో బావి బావికీ తిరిగి మందు కలిపే మనిషి. ఆయనకు ఉత్తరువు ఇచ్చారు, ఆయన నోటీసు ఇచ్చారు.

6. కలరా పక్కన కూర్చుంటే అంటదనీ, సూది పడ్డా సరే నోటి ద్వారా పోయే నీళ్లతో, తిండితో, కడగని చేతులతో వస్తుందనీ షెడ్డు డాక్టరు గారు నాకు చెప్పారు. తిన్నె మీదికి వచ్చాక ఈ పిల్లల్లో ఒక్కరికీ వాంతులు గానీ విరేచనాలు గానీ కాలేదు. దీన్ని బట్టి మా తిన్నెకు మహిమ ఉందని నేను అనడం లేదు. కాచిన నీళ్లకు ఉంది. ఆ పని బడిలోనూ జరుగుతుంది, ఇంతకన్నా మేలుగా జరుగుతుంది. అక్కడ కప్పు ఉంది.

7. తిన్నె చాలడం లేదు. సగం మంది చూరు కింద నిలబడి చదువుతున్నారు. వాన జల్లు కొడితే అందరూ నడవలోకి వస్తారు, నేను వంటింట్లోకి పోతాను. యాత్రికుల రాక కూడా ఆగలేదు. వాళ్లనూ లేవమనడానికి లేదు. వేలూరు పెద్దాయన ఒకరు పదమూడో ఎక్కం పూర్తయ్యేదాకా విని, రెండు తప్పులు దిద్ది, అప్పుడు గానీ కొండకు బయలుదేరలేదు. నేను మొన్న తాలూకా వర్షపాతం రాయబోయి అదే పదమూడో ఎక్కం రాసి పత్రికకు పంపాను. వారు సంజాయిషీ అడిగారు. ఇంతవరకు జవాబు రాయలేకపోయాను. ఏమని రాయను?

8. కనుక తమరిని వేడుకొనేది ఏమంటే: కూలివాడ బడి తాళం పగటిపూట తీయించండి. ఊరి పిల్లలందరూ రానక్కర్లేదు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేని పిల్లలకు మాత్రం తీయించండి. సూది చీటీ ఉన్నవాళ్లనే రానివ్వడానికి, నీళ్లు కాచడానికి, చేతులు కడిగించడానికి అయివారు పూచీ పడుతున్నారు. అంబలికి బోర్డు ఇస్తూ వచ్చిన రాగులు మళ్లీ ఇప్పించండి. ప్రస్తుతం వీధి ఆడవాళ్లు తలా పిడికెడు వేస్తున్నారు, ముఖం చిట్లించిన ఇళ్లతో సహా. అది ఎన్నాళ్లు సాగుతుందో చెప్పలేను.

ఇవేవీ కుదరవని తమరు నిర్ణయిస్తే, నోటీసు అమలు భారం తమరే స్వీకరించవలసి ఉంటుంది. పిల్లలను నేను లేవమనలేను. అమ్మ లేవమనదు. తమరు స్వయంగా వచ్చి ఒక్కొక్కరినే లేపండి. లేపిన ప్రతివారికీ ఎక్కడికి పోవాలో కూడా చెప్పండి. కాలువకు అని మాత్రం చెప్పకండి. వాళ్లకు ఆ దారి తెలుసు.

కొండకు ఎప్పుడు పోతారంటే పెద్దయినాక అన్నారు పిల్లలు. అది అబద్ధం కాకుండా చూడటం నా ఒక్కడి చేతిలో లేదు. తాళంచెవి తమ దగ్గర ఉంది.

పై సంగతులన్నీ చిత్తగించి, తాళం విషయమై వెంటనే ఉత్తరువు దయచేయించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, సదరు తిన్నెకు హక్కుదారు కానివాడు,
దొరస్వామి

తా.క. ఈ అర్జీకి శుద్ధప్రతి రాస్తుండగా, నోటీసు అమలైందో లేదో చూడటానికి ఆచార్యులు గారు మళ్లీ వచ్చారు. మిట్టమధ్యాహ్నం. గొడుగు మడిచి, మంచినీళ్లు అడిగారు. షెడ్డు నుంచి వచ్చింది మొదలు అండా దగ్గర పెత్తనం సెంగమ్మది. నన్ను కూడా ఖాతరు చేయదు.

"చేతులు కడుక్కో సామీ" అంది.

"కడుక్కునే వచ్చానమ్మా."

"నేను సూడల్యా."

ఆయన నా వైపు చూశారు. నేను రాసుకుంటున్నాను. ఆయన మెట్టు దిగి, బూడిదతో రుద్ది, మణికట్టు దాకా కడుక్కుని వచ్చారు. ఆ పిల్ల చెంబు అందిస్తుంటే, ఎవరి చేతి నీళ్లనే ఆలోచన వచ్చిందేమో, ఒక్క క్షణం ఆగారు. తర్వాత చెంబు ఎత్తి ఖాళీ చేశారు. ఇంకో చెంబు అడిగారు. కాస్త నీడపట్టున అని తిన్నె మీద కూర్చున్నారు.

అయివారి గొంతు రాసుకుపోయింది. పదిహేనో ఎక్కం ఇప్పుడు ఆచార్యులు గారు చెప్పిస్తున్నారు. మిల్లు మధ్యాహ్నపు కూత కూడా అయిపోయింది, ఆయన లేచే సూచన కనిపించడం లేదు. లేవమనడానికి మా ఇంట్లో వాడుక లేదని పైన నాలుగో పేరాలో మనవి చేసి ఉన్నాను.

కనుక ఆఫీసులో ఆయనతో పనిబడితే తమరే ఇటు దయచేయవలెను. వచ్చేటప్పుడు తాళంచెవి కూడా తెచ్చుకుంటే రెండు పనులూ ఒక్కసారే అవుతాయి. బూడిద చిప్ప మెట్టు పక్కనే ఉంటుంది. సెంగమ్మ చూస్తుండగా కడుక్కోవలెను.