రోజూ సోమవారానికి తిరిగొచ్చే యంత్రం

జూన్ 2, సోమవారం

తమ్ముడికి అక్క దీవెనలు.

ఈరోజు పనులు పద్నాలుగు. వంట, ఉతుకు, అటక మీద డబ్బాలు దులపడం, మా కుట్టుసంఘంలో కోట్లకు గుండీలు సరిచూడడం వగైరా పదమూడు అయ్యాయి. పద్నాలుగోది ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "ఆఁ ఆఁ, సరే అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే జవాబు చెప్పక తప్పదు.

నువ్వు పంపిన డిస్కు అందింది. పోయిన ఏడాది మెయిలు సర్వర్ పెడతానని వచ్చిన మనిషి మా కుట్టుగదిలో మూడు రోజులు కూర్చున్నాడు. ఒకటి అమరిస్తే ఇంకొకటి చెడింది. నువ్వేమో మీ ఇంట్లోనే అన్నీ అమర్చి, సర్వర్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటకట్టి పంపావు. మా పాత కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లేచి కూర్చుంది! వర్చువల్ మెషీన్ అంటే ఇదేనన్నమాట. మొత్తం పావుగంట పట్టింది, అందులో అయిదు నిమిషాలు కళ్ళజోడు వెతుక్కోవడానికే. సంఘంలో పన్నెండుమందికీ మెయిలు పెట్టెలు వచ్చేశాయి.

నీ నాలుగు సూచనలూ గోడకి అంటించాను. మూడోదాని ప్రకారం స్నాప్‌షాట్ తీశాను. ఈ సోమవారం యంత్రం ఎలా ఉందో అలాగే దాచుకుంది. "తేడా అనిపిస్తే ఆ మంచి స్థితికి తిరిగి వెళ్ళు" అన్న నాలుగోది నాకు తెగ నచ్చింది. ఇంటికి కూడా అలాంటి ఏర్పాటు ఉంటే ఎంత బాగుండును!

మీ అక్క

తా.క.: పిల్లిని ఆ గదిలోకి రానివ్వడం లేదు. చిన్నప్పుడు మన పిల్లి నా రేడియోని బల్ల మీంచి తోసేసిన సంగతి నేనింకా మర్చిపోలేదు.

* * *

జూన్ 5, గురువారం

అక్కకి తమ్ముడి నమస్కారాలు.

నేను చెప్పలా? ఇక ఆ సర్వర్ గురించి నువ్వు నిశ్చింతగా ఉండు. ఎవరైనా లోపల ఏదైనా కెలికినా భయం లేదు. ఆ కంప్యూటర్ పాడైపోయినా భయం లేదు, దాచిన ఫైలుని ఇంకో కంప్యూటర్లో తెరిస్తే సరి. మా ఆఫీసులో అందరికీ నీ పావుగంట సంగతి గొప్పగా చెప్పాను. కళ్ళజోడు సంగతి మాత్రం చెప్పలేదు.

నీ తమ్ముడు

తా.క.: నిన్న నీ ఉత్తరం చదివి, వెంటనే నీ కొత్త పెట్టెకి ఒక మెయిలు పెట్టాను. చదివాక కోప్పడకు.

* * *

జూన్ 9, సోమవారం

తమ్ముడికి దీవెనలు, కొంచెం తగ్గించి.

పనులు పదహారు, అన్నీ పూర్తి. అయినా మనసు బాగోలేదు.

నీ మెయిలు రాలేదు. మా అధ్యక్షురాలికీ ఏమీ రావడం లేదు. ఆవిడ పొద్దున్నే పెట్టె తెరుస్తుంది. "మీ తమ్ముడి సర్వర్ అద్దంలా ఉందమ్మా, ఈగ కూడా వాలడం లేదు" అంది. పొగడ్త అనుకుని సంతోషించాను.

ఈరోజు పోస్టులో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నర్సులకి నలభై రెండు తెల్లకోట్లు కుట్టించాలట. ఒక్కొక్కరి కొలతల పట్టిక గురువారం మధ్యాహ్నమే మా అధ్యక్షురాలికి మెయిలు చేశారట. మళ్ళీ పంపేది లేదట. పదహారో తేదీలోగా ఒప్పుకోలు రాకపోతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. పన్నెండుమందికి మూడు నెలల పని ఇది! "మా తమ్ముడు చేశాడు, ఢోకా లేదు" అని అందరి ముందూ చెప్పింది నేను.

నా వైపు లోపం లేదు. అంతా పద్ధతి ప్రకారమే నడుస్తోంది. నాలుగింటికి నా పెట్టె చూసుకుంటాను. ఆరింటికి గది ఊడ్చి, కుట్టుమిషన్లకి గుడ్డలు కప్పి, యంత్రాన్ని సోమవారం నాటి స్థితికి తెచ్చి, తాళం వేస్తాను. కాబట్టి తప్పు నీ దగ్గరే ఉంది. వెతుకు.

అక్క

తా.క.: నువ్విచ్చిన పెద్ద డిస్కు అప్పుడే సగం నిండింది. ఇంకొకటి పంపు.

* * *

జూన్ 11, బుధవారం

అక్కా, నీకో దండం.

రోజూ సాయంత్రం సోమవారానికి తెస్తున్నావా! సోమవారం తర్వాత వచ్చిన ఉత్తరాలు సోమవారంలో ఎలా ఉంటాయి? పంపినవాళ్ళకేమో అందినట్టే లెక్క, మళ్ళీ పంపరు. ఇక్కడ నువ్వు వాటిని గదితో పాటు ఊడ్చేస్తున్నావు. నాలుగో సూచన ప్రమాదం వచ్చినప్పుడు వాడేది. గిన్నెలు తోమినట్టు రోజూ చేసేది కాదు!

ఇక వెనక్కి వెళ్ళకు. డిస్కులో నువ్వు నింపిన చెత్తంతా తీసెయ్. ఆ కొలతలు మాత్రం పోయినట్టే. మీ అధ్యక్షురాలితో తప్పు నాదేనని చెప్పు, మాట నేను పడతాను.

నీ తమ్ముడు

తా.క.: నేను పంపిన మెయిలు కూడా పోయింది. దాని గురించి దిగులు పడకు. నిజంగా పడకు. అందులో ఏమీ లేదు.

* * *

జూన్ 14, శనివారం

తమ్ముడికి నిండుగా దీవెనలు.

నిన్నా ఈరోజూ కలిపి పనులు ఇరవై మూడు. అందులో తొమ్మిది నీ ఉత్తరం తెచ్చిపెట్టినవి.

రోజూ వెనక్కి తేవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. "తేడా అనిపిస్తే" అని రాశావు. సాయంత్రానికి ఏ గది చూసినా నాకు తేడాగానే అనిపిస్తుంది. కానీ ఒరేయ్, పలక మీద లెక్కని పుస్తకంలోకి ఎక్కించకుండా మీ అక్క ఎప్పుడైనా చెరిపిందా? రోజూ వెనక్కి తెచ్చే ముందు ఆ రోజు యంత్రం మొత్తానికి నకలు తీసి, తారీఖు వేసి డిస్కులో పెట్టాను. సర్వర్ అంటే ఒక ఫైలే అని చెప్పింది నువ్వేగా! ఆదివారం సెలవు పోను తొమ్మిది సాయంత్రాలు, తొమ్మిది యంత్రాలు. నువ్వు తీసెయ్యమన్న చెత్త అదే. తియ్యలేదు.

నిన్న, కొత్త మెయిళ్ళు పాత యంత్రాల్లోకి పోకుండా ఇంటర్నెట్ తీగ పీకి, ఒక్కొక్క యంత్రాన్నీ లేపాను. గురువారం యంత్రంలో నలభై రెండు కొలతలూ భద్రంగా ఉన్నాయి. అధ్యక్షురాలు ఒప్పుకోలు పంపింది, ఈరోజు పొద్దున ఆర్డరు ఖాయమైంది. "ఈసారి ఈగలు బాగానే వాలాయి" అంది ఆవిడ. మాట పడాల్సిన పని నీకు లేదు.

అయితే గురువారం కంటే ముందు బుధవారం యంత్రం లేపాను. సాయంత్రం అయిదూ పదికి నువ్వు పంపిన మెయిలు అందులో ఉంది. "అక్కా, రేడియో పడేసింది పిల్లి కాదు. నేనే విప్పాను, మళ్ళీ బిగించడం రాక నేల మీద పెట్టి, పిల్లిని తెచ్చి పక్కన కూర్చోబెట్టాను" అని రాశావు. ముప్పై ఒక్క ఏళ్ళు! ఆ పిల్లికి నేను వారం రోజులు పాలు పొయ్యలేదు.

అప్పుడు విప్పి బిగించలేకపోయినవాడివి, ఇప్పుడు విప్పనక్కర్లేని యంత్రాన్ని చేసి పంపావు. నా బాకీల పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్ళ నాటి పేజీ తీసి, కింద ఉన్నట్టు రాశాను.

అక్క

తా.క.: రేడియో బాకీ: పిల్లి పేరు కొట్టివేసి, తమ్ముడి పేరు రాయడమైనది. మెయిలు సర్వర్ ముట్టినందున చెల్లు.